దయానిధి మనస్సు, అనంతపురం నేల

అపరాధ పరిశోధక నవల చదివే పాఠకునికి కావలసినది ఒక్కటే: హత్య చేసినది ఎవరు? ఆ పేరు తెలియగానే పుస్తకం మూసి పక్కన పెడతాడు. మనస్తత్వ నవలలో కూడా ఉత్కంఠ కలదు, కాని అక్కడ ప్రశ్న వేరు. జరిగినది, లేక జరిగినదని లోకం అనుకొన్నది, ఒక మనిషిని లోలోపల ఏమి చేసింది అన్నదే ఆ ప్రశ్న.

తెలుగులో దీనికి చక్కని ఉదాహరణ బుచ్చిబాబు వ్రాసిన 'చివరకు మిగిలేది'. ఇది 1946-47లో 'నవోదయ' పత్రికలో ధారావాహికగా వెలువడింది. బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు (1916-1967). ఆకాశవాణిలో చేరక పూర్వం ఆయన అనంతపురంలో ఇంగ్లీషు ఉపన్యాసకులుగా పనిచేశారు. నవలలో కొంత కథ ఆ ప్రాంతంలోనే నడుస్తుంది.

కథానాయకుడు దయానిధి వైద్యుడు. అతని తల్లి నడతను గూర్చి లోకం గుసగుసలాడుతుంది. ఆ మాటలలో నిజమెంత అని తేల్చడం రచయితకు ముఖ్యం కాదు. అవి కొడుకు మనస్సులో చేసే పనియే ముఖ్యం. కోమలి, అమృతం, ఇందిర ఇలా ఎవరికి దగ్గర కాబోయినా అతడు పూర్తిగా దగ్గర కాలేడు. తల్లిని గూర్చిన శంక అతని ప్రేమకు అడ్డుపడుతుంది.

తేలని సంగతి మనస్సును ఎందుకు పట్టుకొంటుంది? 1927లో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త బెర్లినులో కొందరికి చిన్న చిన్న పనులు అప్పగించి, కొన్నింటిని మధ్యలో ఆపించారు. పూర్తయిన పనులకంటె ఆగిన పనులే వారికి ఎక్కువగా గుర్తున్నట్లు ఆమె కనుగొన్నారు. తరువాతి పరిశోధకులకు ఈ ఫలితం అన్నిసార్లూ రాలేదన్నది కూడా చెప్పవలసి ఉంది. అయితే వదలిన పనిని తిరిగి చేపట్టాలనే తహతహ మాత్రం నిలకడగా కనిపించింది. దయానిధి తన శంకను వదలలేకపోవడం, పాఠకుడు పుస్తకాన్ని వదలలేకపోవడం ఈ తహతహకు దగ్గరి చుట్టాలే.

ఇక కథనం సంగతి. నవల ప్రథమపురుషలో సాగినా, చూపు దయానిధిది. ఎదుటివారిని మనం అతని కంటితోనే చూస్తాము. అతని అనుమానం మన అనుమానమవుతుంది. ఆలోచనలు తెగని ప్రవాహమని విలియం జేమ్స్ 1890లో అన్నారు. దానినే మనవారు చైతన్య స్రవంతి అన్నారు. బుచ్చిబాబు ఆ పద్ధతిని కొంతమేరకే వాడుకొన్నారు. ఒక విద్యార్థి ఒక్క రోజు ఆలోచనలతో నవల మొత్తం నడపడం 1969లో నవీన్ 'అంపశయ్య'లో జరిగింది.

దయానిధి అనంతపురం చేరడం కేవలం ఊరు మారడం కాదు. పడమటి కనుమల చాటున ఉన్న ఆ పీఠభూమికి నైరుతి మేఘాలు తేమ పోగొట్టుకొని వస్తాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అక్కడి వజ్రకరూరు వద్ద కింబర్లైటు శిల కలదు. అది వజ్రాలను 150 కిలోమీటర్లకు మించిన లోతునుండి పైకి తెచ్చిన శిల. నేటికీ తొలకరి వానకు మట్టి కడుక్కొనిపోగానే జనం చేలలో వంగి వెదకుతారు. లోతున దాగినది ఎప్పుడో పైకి తేలే ఇటువంటి నేలను మనస్సును గూర్చిన నవలకు ఎన్నుకోవడం తగియున్నది. కథలో వజ్రమూ దొరుకుతుంది, సంపదా వస్తుంది. శంక మాత్రం తీరదు. పైగా, పరాయి ప్రాంతంవాడన్న ద్వేషం కొత్తగా వచ్చి చేరుతుంది.

ఈడిపస్ మనోగ్రంథి అని ఒక పేరు పెట్టి ఊరుకొంటే అది విశ్లేషణ కాదు. ఆ పేరు ఏ నవలకైనా అతుకుతుంది! తరగతిలో ఒక పని చేయవచ్చు. దయానిధి ఎవరినైనా కలిసే ఒక పుట తీసుకొని, పక్కన నిలుచున్నవానికి కూడా తెలియగల వాక్యాలను ఒక వరుసలో, అతనికి మాత్రమే తెలిసే వాక్యాలను మరొక వరుసలో విద్యార్థులచేత వ్రాయించాలి. రెండింటిలోను ఇమడని వాక్యాలు కొన్ని మిగులుతాయి. చర్చ వాటితో మొదలుపెట్టవచ్చు.