సెల్లులో ఫొటోలకు రెండో ఇల్లేదీ?

ఉదయగిరి: మెట్ట పల్లెల్లో ఏ ఇంటికి వెళ్లినా నడవ గోడకు పూలదండ వేసిన ఫొటో ఒకటి కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అది ఎక్కడి ఫొటోనో ఇట్టే తెలిసిపోతుంది. కళ్లు బెదిరినట్టుంటాయి. వెనక ఉత్త తెల్లగోడ. కొన్నింటిలో భుజం మీద రబ్బరు ముద్ర తాలూకు వంపు కూడా సగం మిగిలి ఉంటుంది. అది ఓటరు కార్డులోదో, ఆధార్‌లోదో, పట్టాదారు పాసుపుస్తకంలోదో. మనిషి పోయాక మంచి ఫొటో చేతికి దొరక్క, ఆ కార్డునే పట్టుకుని ఆత్మకూరుకో ఉదయగిరికో పరుగెత్తి పెద్దది చేయించి అద్దం కట్టించినవి.

ఫొటో అంటే ఖర్చయిన రోజుల్లో ఇలా జరిగిందంటే అర్థం ఉంది. ఇప్పుడు ఇంటికి రెండు మూడు సెల్లులు ఉన్నాయి. ఒక్కో సెల్లులో ఫొటోలు వేలల్లో ఉంటాయి. పుట్టెంట్రుకలు, తిరునాళ్లు, కొత్త ట్రాక్టరు, మనవరాలి తప్పటడుగులు, అన్నీ అందులోనే. అయినా అవసరమైన రోజున పాసుపుస్తకమే దిక్కవుతోంది.

ఈ విలేకరి ఇంట్లోనూ అదే జరిగింది. ఇతరుల సంగతి రాసేముందు మా సంగతి చెప్పుకోవడం న్యాయం.

మా నాయన 2019లో పోయాడు. అంతకు రెండేళ్ల ముందు కొన్న సెల్లు ఆయనకు ప్రాణం. ఆ సెల్లులోనే, సోమశిల గట్టు మీద నిలబడి నవ్వుతూ తీయించుకున్న ఫొటో ఉండేది. ఫొటో అనగానే బిగుసుకుపోయే మనిషి. నవ్వింది ఆ ఒక్కదాంట్లోనే. ఆయన పోయాక సెల్లు అమ్మ దగ్గర ఉంది. దాంట్లోవి వేరేచోట దాచుకుందామని నేనంటే, 'ఆ ఫొటో యాడికి పోతుందిరా, ఫోన్లోనే గదా ఉండేది' అనేది. నేనూ సరేలే అనుకున్నాను. 2022లో ఓ పొద్దున అది బొడ్లోంచి జారి నీళ్ల తొట్టిలో పడింది. తీసి, తుడిచి, బియ్యం డబ్బాలో పెట్టింది. మరునాడు చార్జింగు పెట్టింది. అంతటితో దాని కథ ముగిసింది.

ఆత్మకూరులో సెల్లులు బాగుచేసే కుర్రవాడు విప్పి చూసి పెదవి విరిచాడు. 'అన్నా, డిస్‌ప్లే పోయుంటే మార్చి ఇచ్చేవాణ్ణి. ఇది బోర్డే పోయింది' అన్నాడు. లోపలి చిప్పు తీసి వేరే ఫోనులో పెట్టరాదా అని అడిగాను. ఈ కాలపు సెల్లుల్లో సమాచారమంతా తాళం వేసినట్టు గుప్త లిపిలో ఉంటుందట. ఆ తాళం ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుందట. చిప్పు ఒక్కటీ చేతికొచ్చినా లాభం లేదన్నాడు. అప్పటికి నేను వారానికి పది వార్తలు, పాతిక ఫొటోలు సెల్లు నుంచే పంపుతున్న మనిషిని. ఈ ముక్క తెలియదు.

గూగుల్‌లో ఉంటాయేమో చూద్దామన్నారు ఇంకొకరు. ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. నాయన సెల్లు కొన్న రోజున జీమెయిల్ తెరిచింది అంగట్లోని పిల్లవాడు. పేరేం పెట్టాడో, పాస్‌వర్డు ఏం కొట్టాడో ఎవరికీ తెలియదు. నంబరు కొడితే ఓటీపీ వస్తుందన్నారు. ఆయన పోయాక ఆ సిమ్ముకు మేం రీచార్జి చేయించలేదు. అలా వదిలేసిన నంబరు కొన్ని నెలలకు వేరే వారికి వెళ్లిపోతుంది. అంటే ఫొటోలు ఎక్కడో భద్రంగా ఉండి ఉండవచ్చు. మాకు మాత్రం తాళంచెవి లేదు.

ఈ కథ మా ఒక్క ఇంటిది కాదు. కొత్త సెల్లు కొన్న ప్రతిసారీ కొత్త జీమెయిల్ తెరవడం మన వైపు మామూలైపోయింది. పాతది ఏమైందని అడిగేవారు లేరు. ఫొటోలు పాత ఖాతాలోనే మిగిలిపోతాయి. రెండేళ్ల పాటు ఎవరూ తెరవని ఖాతాలను తీసేయవచ్చని గూగుల్ 2023లో నిబంధన పెట్టింది. ఆ ఏడాది డిసెంబరు నుంచి అమలులోకి వచ్చింది.

నెగటివు ఉన్న రోజులు

అప్పట్లో మాత్రం ఎవరు భద్రం చేశారని పెద్దవాళ్లు అడగవచ్చు. నిజమే, ఎవరూ పనిగట్టుకుని చేయలేదు. పద్ధతే అలా ఉండేది. స్టూడియోకు వెళ్లి కుర్చీలో కూర్చుంటే, ఫొటో కాగితం మన ఇంటికి వచ్చేది. నెగటివు స్టూడియోలోనే ఉండేది. కవరు మీద నంబరు వేసి పెట్టెలో దాచేవారు. ఇంట్లో ఫొటో చెదలు తిన్నా, వాన నీటికి తడిసినా, ఆ నంబరు చెబితే ఇంకో కాపీ కడిగి ఇచ్చేవారు. అంటే ప్రతి ఫొటోకూ ఊళ్లో ఒక ఇల్లు, పట్నంలో ఒక ఇల్లు, తెలియకుండానే రెండు ఇళ్లుండేవి. సెల్లు వచ్చి ఆ రెండో ఇంటిని తీసేసింది. ఆ సంగతి మనకు తట్టలేదు.

పెళ్లి ఫొటోలదీ ఇదే వరస. ఆల్బంతో పాటు పెన్‌డ్రైవు ఒకటి చేతిలో పెడతారు. అది బీరువాలో నగల పెట్టె పక్కన చేరుతుంది. ఫొటోగ్రాఫరు దగ్గర ఎలాగూ ఉంటాయనే ధైర్యం. ఆయన మాత్రం ఎన్ని పెళ్లిళ్లని దాచగలడు? ముహూర్తాలు మొదలైతే కార్డులు ఖాళీ చేసుకోవాలి కదా. పెన్‌డ్రైవు కూడా శాశ్వతం కాదు. దాంట్లో బొమ్మ నిలిచేది అతి సూక్ష్మమైన విద్యుత్తు రూపంలో. ఏళ్ల తరబడి కదపకుండా ఉంచితే అది కొద్దికొద్దిగా కారిపోయే ప్రమాదం ఉంది. బీరువాలో పెట్టి మరిచిపోయే వస్తువు కాదది. అప్పుడప్పుడు తెరిచి చూసి, కొన్నేళ్లకోసారి కొత్తదాంట్లోకి ఎత్తుకోవాలి.

రెండు కాపీలుంటే చాలదు, రెండు ఊళ్లలో ఉండాలనడానికి మన పెన్నే సాక్ష్యం. 2021 నవంబరు 19న రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ల మీద వరద పడింది. ఆ నీరంతా పెన్నలో కలిసి సోమశిలకు చేరింది. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వదలాల్సి వచ్చింది. నెల్లూరు పక్కన పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. అంతటి నీళ్లు ఇంటి మీదికి వస్తుంటే ఎవరైనా పిల్లల్ని, ముసలివాళ్లను చూసుకుంటారు. చేతికందితే పాసుపుస్తకాలు, బంగారం పట్టుకుంటారు. ఆల్బం కోసం వెనక్కి వెళ్లరు, వెళ్లకూడదు కూడా. అలాంటప్పుడు ఒక కాపీ ట్రంకు పెట్టెలో, ఇంకో కాపీ దాని పక్కనే బీరువాలో ఉంటే రెండూ ఒక్కటే.

తడిసిన ఆల్బం గురించి ఒక మాట. అంటుకుపోయిన ఫొటోలను ఎండాక పీకితే రంగు పొర ఊడి వస్తుంది. తడి మీదనే శుభ్రమైన నీళ్లలో కాసేపు ఉంచి మెల్లగా విడదీయాలి. బొమ్మ పైకి ఉండేలా పరిచి నీడలో ఆరబెట్టాలి. సెల్లు నీళ్లలో పడితే వెంటనే ఆపేయాలి. చార్జింగు పెట్టరాదు. బియ్యంలో పెట్టే అలవాటు వద్దని ఆపిల్ సంస్థే 2024లో చెప్పింది. బియ్యం నలుసులు సెల్లులో దూరి ఇంకా చెరుపు చేస్తాయట. మా అమ్మకు ఈ మాట చెబితే నమ్మలేదు.

రాతి మీద రాసినవీ ఎత్తి రాశారు

ఉదయగిరి కొండ ఎక్కినవారు దుర్గం గోడలు, శిథిలాలు చూసే ఉంటారు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఇది. రాతి మీద చెక్కింది కదా, ఎక్కడికి పోతుందనుకుంటాం. అలా అనుకోని ఇద్దరున్నారు. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి అనేవారు జిల్లాలోని రాగి రేకులు, రాతి శాసనాల పాఠాలు సేకరించి 1905లో మద్రాసులో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. తాలూకాల వారీగా ఉంటుందా పుస్తకం. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలవీ అందులో ఉన్నాయి. రాయి అరిగిపోనీ, ఎవరైనా పగలగొట్టి గోడకు పేర్చుకోనీ, పాఠం పుస్తకంలో ఉంది. రాతికే రెండో ఇల్లు కావలసి వచ్చినప్పుడు సెల్లు ఎంత?

ఇక చేయవలసిన పని. అమెరికా ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ఒక లెక్క ప్రచారంలోకి తెచ్చారు. కాపీలు మూడు, అవి రెండు రకాల వస్తువుల్లో, ఒకటి మాత్రం ఇంటి బయట. మన ఇళ్లకు సెల్లులో ఒకటి, పెన్‌డ్రైవులోనో హార్డ్ డిస్కులోనో ఒకటి, గూగుల్‌లోనో వేరే ఊళ్లో బంధువుల ఇంట్లోనో ఒకటి అనుకుంటే సరిపోతుంది.

గూగుల్ ఫొటోస్ చాలా సెల్లుల్లో ముందే ఉంటుంది. తెరిచి పైన కుడివైపు ఉన్న గుండ్రటి బొమ్మ నొక్కితే, ఏ జీమెయిల్‌లోకి వెళుతున్నాయో, బ్యాకప్ పూర్తయిందో లేక అసలు ఆపేసి ఉందో తెలుస్తుంది. ఈ ఒక్క పని చేయడానికి నిమిషం పట్టదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల ఫోల్డరును విడిగా ఎంచుకోవాలి. లేకుంటే కెమెరాతో తీసినవే వెళతాయి. 2021 జూన్ 1కి ముందు కాస్త నాణ్యత తగ్గించి ఎన్నయినా ఉచితంగా దాచుకోనిచ్చేవారు. ఇప్పుడు మెయిళ్లతో సహా 15 జీబీ వరకే ఉచితం. ఫొటో నాలుగు ఎంబీ అనుకుంటే మూడున్నర వేలు దాటి పడతాయి. ప్రతి పొద్దునా వచ్చే శుభోదయం బొమ్మలు తీసేస్తే మనవాళ్ల ఫొటోలకు చోటు దొరుకుతుంది. అయితే తీసేటప్పుడు జాగ్రత్త. బ్యాకప్ అయిన ఫొటోను ఆ యాప్‌లో తీసేస్తే సెల్లులోనూ పోతుంది, గూగుల్‌లోనూ పోతుంది. 60 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. ఆ తర్వాత బ్రహ్మ కూడా తేలేడు.

గూగుల్ వద్దనుకునేవారికి సెల్లుకు నేరుగా తగిలించే పెన్‌డ్రైవులు దొరుకుతున్నాయి. ఎక్కించాక వేరే సెల్లులో పెట్టి నాలుగు ఫొటోలు తెరిచి చూడాలి. వెళ్లాయిలే అనుకుని సెల్లులోవి తుడిచేసి నెత్తి కొట్టుకున్నవారు ఉన్నారు. కువైట్‌లోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలకు పంపేటప్పుడు మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు పోతుంది.

జీమెయిల్ పేరు, పాస్‌వర్డు, దానికి కట్టిన ఫోను నంబరు, మూడూ ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాల సంచిలో పెట్టడం అన్నిటికంటే ముఖ్యమని నాకు తోస్తోంది. ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి తెలియాలి. మనిషి పోయాక సిమ్మును వెంటనే వదిలేయవద్దు. ముందు ఖాతా తెరిచి ఫొటోలు దించుకోవాలి.

మా నాయన ఫొటో చివరికి దొరికింది. పూర్తిగా కాదు. మా చిన్నాయన కొడుకు కువైట్‌లో ఉంటాడు. నాయన ఎప్పుడో ఆ సోమశిల ఫొటో వాట్సాప్‌లో అతనికి పంపాడట. అతను తీసేయలేదు. అడిగిన రాత్రే తిరిగి పంపాడు. సెల్లులో చూసుకుంటే బాగానే ఉంది. పెద్దది చేయిస్తే ముఖం చెదిరిపోయింది. అందుకని గోడ మీద పాసుపుస్తకం ఫొటోనే ఉంది. దాని కింద పోస్టుకార్డంత సైజులో నవ్వుతున్నది పెట్టాం. వచ్చినవాళ్లు దగ్గరికి వెళ్లి వంగి చూస్తారు.

ఇటీవల ఇంట్లోని పాత ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా సెల్లుతో తీశాను. అమ్మ పక్కన కూర్చుని పేర్లు చెబుతుంటే నోటుపుస్తకంలో రాసుకున్నాను. మా మేనత్త పెళ్లినాటి ఫొటోలో చివర నిలబడ్డ ఒక పిల్ల ఎవరో ఆమెకూ గుర్తు రాలేదు. అన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించాను. ఒకటి మా ఇంట్లో ఉంది. రెండోది ఆత్మకూరులో ఆ మేనత్తకే ఇచ్చాను. ఇదేందిరా అబ్బయ్యా అని తిప్పి తిప్పి చూసి, బీరువా తెరిచి పట్టుచీర మడతల్లో పెట్టింది. ఆ చివరి పిల్ల తన పెద్దాడబిడ్డ కూతురని ఆమే చెప్పింది.