క్వాల్‌కామ్ నిజంగా ఆర్మ్‌ని వదిలేస్తుందా? మన ఫోన్‌కి ఏమవుతుంది?

ఈమధ్య చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, క్వాల్‌కామ్ ఆర్మ్‌ని వదిలేసి రిస్క్-ఫైవ్‌కి వెళ్లిపోతోందంట కదా? ఇప్పుడు ఫోన్ కొనొచ్చా, ఆగాలా?" మా ఫ్రెండ్స్‌లో కూడా దీని మీద రెండు పార్టీలు ఉన్నాయి. అందుకే ఈరోజు కూర్చుని మొత్తం తేల్చేద్దాం.

ముందు ఒక చిన్న ఉదాహరణ. టిఫిన్ సెంటర్‌లో సర్వర్ "రెండు ఇడ్లీ, ఒక పెసరట్టు" అని కేకేస్తాడు. లోపల వంటవాళ్లకి ఆ కేక అర్థమవుతుంది. చిప్‌లో ఆ కేకల భాషనే ఇన్‌స్ట్రక్షన్ సెట్ అంటారు. ఆర్మ్, ఎక్స్86, రిస్క్-ఫైవ్ అనేవి ఇలాంటి మూడు వేర్వేరు భాషలు. ఇక లోపల వంటగది ఎలా కట్టారు, ఎన్ని పొయ్యిలు పెట్టారు అనేది కోర్ డిజైన్. భాష ఒకటే అయినా వంటగదులు వేరుగా ఉండొచ్చు. ఈ తేడా అర్థమైతే సగం గొడవ తీరిపోయినట్టే.

బ్రిటన్ కంపెనీ ఆర్మ్ మనకి రెండు రకాల లైసెన్స్‌లు అమ్ముతుంది. ఒకటి, రెడీమేడ్ వంటగది. అంటే కార్టెక్స్ కోర్లు. రెండోది, భాష వాడుకునే హక్కు మాత్రమే. వంటగది మీరే కట్టుకోవాలి. ఆపిల్ 2012లో ఐఫోన్ 5 నుంచి ఈ రెండో దారిలోనే ఉంది. క్వాల్‌కామ్ కూడా ఒకప్పుడు క్రైట్, తర్వాత క్రయో అని సొంత కోర్లు చేసింది. కానీ స్నాప్‌డ్రాగన్ 835 నుంచి ఆర్మ్ కార్టెక్స్ కోర్లనే కొంచెం మార్చి వాడుకుంది.

మళ్లీ సొంతంగా చేద్దామని 2021లో నువియా అనే స్టార్టప్‌ని దాదాపు 140 కోట్ల డాలర్లకి కొనేసింది. దాన్ని పెట్టింది ఎవరో కాదు, అంతకుముందు ఆపిల్‌లో చిప్‌లు డిజైన్ చేసినవాళ్లు. ఆ పని నుంచి వచ్చిందే ఒరియాన్ కోర్. 2024 అక్టోబర్‌లో స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్‌తో అది ఫోన్లలోకి వచ్చింది. 8 కోర్లూ ఒరియాన్‌వే. రెండు కోర్లు 4.32 గిగాహెర్ట్జ్ వరకు పోతాయి.

ఇక్కడే గొడవ మొదలైంది. "నువియాకి ఇచ్చిన లైసెన్స్ మా అనుమతి లేకుండా మీకు రాదు" అని ఆర్మ్ 2022లో కోర్టుకెళ్లింది. "మాకు మా సొంత లైసెన్స్ ఉంది కదా" అన్నది క్వాల్‌కామ్ వాదన. 2024 డిసెంబర్‌లో అమెరికాలోని డెలావేర్‌లో జ్యూరీ ఒక ప్రశ్న తేల్చలేకపోయింది గానీ, ఈ చిప్‌లు క్వాల్‌కామ్ లైసెన్స్ కిందకే వస్తాయని చెప్పింది. అంటే వదిలేసింది ఆర్మ్ రెడీమేడ్ కోర్లని, అది కూడా పైరేంజ్ చిప్‌లలో. ఆర్మ్ భాషని కాదు.

మరి రిస్క్-ఫైవ్ సంగతి? ఇది 2010లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో పుట్టింది. ఈ భాష వాడటానికి ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. మన ఐఐటీ మద్రాస్ చేసిన శక్తి ప్రాసెసర్ కూడా దీని మీదే. స్నాప్‌డ్రాగన్ 865 నుంచే లోపల చిన్న కంట్రోలర్లుగా ఇవి ఉన్నాయని క్వాల్‌కామే చెప్పింది. 2023లో గూగుల్‌తో కలిసి రిస్క్-ఫైవ్ స్మార్ట్‌వాచ్ చిప్ చేస్తామని ప్రకటించింది కూడా.

మా ఫ్రెండ్ వాదన ఏంటంటే, "ఫ్రీగా భాష దొరుకుతుంటే, కేసులు వేసే కంపెనీతో ఎందుకు?" పాయింట్ కరెక్టే. కానీ చరిత్ర ఒకసారి చూడండి. 2012లో ఇంటెల్ చిప్‌తో మొదటి స్మార్ట్‌ఫోన్ వచ్చింది మన ఇండియాలోనే, లావా జోలో ఎక్స్900. 2014లో ఆసుస్ జెన్‌ఫోన్ 5 కూడా ఇంటెల్‌దే. మామూలు యాప్‌లు బాగానే నడిచాయి. కానీ చాలా గేమ్స్‌లో కోడ్ నేరుగా ఆర్మ్ భాషలో రాసి ఉంటుంది. దానికి మధ్యలో తర్జుమా చేసేవాడు కావాలి. ఆ తర్జుమాకి టైమూ పోతుంది, బ్యాటరీ కూడా పోతుంది. 2016కల్లా ఇంటెల్ ఫోన్ చిప్‌లు ఆపేసింది. డబ్బుకి కొదవలేని కంపెనీకే ఆ గతి పట్టింది.

అందుకే నా లెక్క ఇది. వాచ్‌లు, చిన్న కంట్రోలర్లలో రిస్క్-ఫైవ్ పెరుగుతుంది. ఫోన్ మెయిన్ ప్రాసెసర్‌గా మాత్రం గేమ్స్, యాప్స్ అన్నీ కదిలేదాకా కుదరదు. అయినా అది పక్కన ఉండటం వల్ల లాభమే. ఆర్మ్ రేట్లు పెంచాలంటే, "మాకు ఇంకో దారి ఉంది" అని చిప్ కంపెనీలు అనగలవు. ఆ రాయల్టీ చివరికి పడేది మనం కట్టే ఫోన్ బిల్లులోనే కదా.

మరి సొంత కోర్ ఉంటేనే మంచి చిప్ అనుకోవాలా? అక్కర్లేదు. మీడియాటెక్ డైమెన్సిటీ 9400 ఆర్మ్ రెడీమేడ్ కోర్లతోనే వచ్చి గట్టి పోటీ ఇచ్చింది. మిడ్‌రేంజ్ స్నాప్‌డ్రాగన్లలో ఇప్పటికీ కార్టెక్స్ కోర్లే ఉంటున్నాయి. 20 వేలలో ఫోన్ కొనేవాళ్లకి ఈ కోర్టు గొడవతో ఇప్పటికిప్పుడు పనిలేదు.

మీరు చూడాల్సినవి రెండే. అరగంట గేమ్ ఆడాక ఫ్రేమ్‌రేట్ నిలుస్తుందా? ఎన్నేళ్లు అప్‌డేట్స్ ఇస్తారు? ఈ రెండోది కూడా చిప్ కంపెనీ మీదే ఆధారపడుతుంది. స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్‌కి 8 ఏళ్ల వరకు సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌కి వీలుందని 2025లో గూగుల్, క్వాల్‌కామ్ చెప్పాయి. కానీ ఇవ్వాలా వద్దా అన్నది ఫోన్ బ్రాండ్ చేతిలో ఉంది. కొనేముందు ఆ బ్రాండ్ ఎన్నేళ్లని రాసిచ్చిందో చూడండి.

కాబట్టి ఫోన్ అవసరమైతే కొనేయండి, రిస్క్-ఫైవ్ కోసం ఆగకండి. మీరు ఏ పార్టీనో చెప్పండి, వచ్చే ఎపిసోడ్‌లో మీడియాటెక్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.