అరువు కట్ట, సొంత కట్ట

"ఎరువు సొమ్ము బరువు చేటు" అన్నారు మన పెద్దలు. ఒకరి వద్ద అడిగి తెచ్చుకొన్న నగ ఎంత మెరిసినా, ఎక్కడ పోతుందోనన్న బెంగ మెడకు బరువే గదా! మరి ఒకరి వద్ద తెచ్చుకొన్న ఆలోచన మాటేమిటి? అదీ బరువేనా, లేక బలమా? ముప్పయి యేళ్లకు పైగా ఇంజనీరింగ్ డ్రాయింగుల నడుమ గడిపిన నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అయితే దానిని మళ్లీ నా ముందుకు తెచ్చినది కార్యాలయం కాదు. పుదుచ్చేరి ముత్యాలుపేటలోని మా ఇంటి హాలులో ఆదివారం సాయంత్రాలు జరిగే ఒక పేకాట.

పేకాట అనగానే సహోద్యోగ మిత్రులు కనుబొమలు ముడివేయనక్కరలేదు. ఇందులో పందెం లేదు, డబ్బు చేతులు మారదు. బి.టెక్. రెండవ సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, ఆమె స్నేహితులు ముగ్గురు కలిసి ఆడుకొనే ఆట ఇది.

ఆట స్వరూపం

దీని పేరు "మ్యాజిక్: ద గ్యాదరింగ్". రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ గణితశాస్త్రజ్ఞుడు దీనిని రూపొందించగా, 1993లో వెలువడింది. మన రమ్మీలో అందరూ ఒకే కట్టలోని ముక్కలను పంచుకొంటారు. ఇక్కడ ఎవరి కట్ట వారిదే. ఈ ఆట కోసం వేల రకాల ముక్కలు అచ్చయ్యాయి. వాటిలో ఏవి తన కట్టలో చేర్చుకోవాలో ఆటగాడు ముందుగానే నిర్ణయించుకోవాలి. కొన్ని ముక్కలు "భూములు", అవి శక్తినిస్తాయి. ఆ శక్తిని వెచ్చించి జంతువులను, యోధులను, మంత్రాలను బరిలోకి దింపాలి. కనుక సగం ఆట బల్ల దగ్గర కూర్చోకముందే జరిగిపోతుంది.

మా పిల్లలు ఆడేది ఇందులో "కమాండర్" అనే పద్ధతి. సాధారణంగా నలుగురు ఆడతారు. ఒక్కొక్కరి కట్టలో నాయకుడితో కలిపి సరిగ్గా 100 ముక్కలుండాలి. మూల భూములు తప్ప ఏ ముక్కా రెండవసారి ఉండరాదు.

ఏనుగుల కట్ట

ఆ నలుగురిలో ఒకడు మా పొరుగింటి అబ్బాయి. యానాం నుంచి తండ్రి ఉద్యోగరీత్యా చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చాడు. నన్ను "బాబాయి గారూ" అని పిలుస్తాడు. మనకుళ వినాయగర్ ఆలయపు ఏనుగు లక్ష్మికి అరటిపండు అందించి, తొండంతో తలమీద ఆశీర్వాదం తీసుకోకుండా ఏ పరీక్షకూ వెళ్లేవాడు కాదు. 2022 నవంబరు 30న లక్ష్మి ఉదయపు నడకలో కుప్పకూలి మరణించినప్పుడు పట్టణమంతా కన్నీరు పెట్టింది. ఆ తరువాత కొన్ని నెలలకు ఈ అబ్బాయి ఒక కట్ట కూర్చుకొన్నాడు. దానినిండా ఏనుగులే. ఏ జాబితానూ చూడకుండా, తన వద్ద ఉన్నవి, స్నేహితులతో మార్చుకొన్నవి చేర్చి తయారు చేసినది. రెండేళ్లపాటు ఆ ఏనుగులు మా హాలులో సంచరించాయి. కొన్నిసార్లు గెలిచాయి, ఎక్కువసార్లు ఓడాయి. అయినా వాడు రాని ఆదివారం లేదు.

ఇంతలో మా అమ్మాయి ఇంటర్నెట్లో ఒక జాబితా చూసింది. పోటీలలో ఆరితేరినవారు కూర్చిన కట్ట అది. దాచుకొన్న డబ్బుతో విడి ముక్కలు తెప్పించుకొని అక్షరాలా అలాగే పేర్చుకొంది. వరుసగా మూడు ఆదివారాలు ఆట మొదలైన కొద్దిసేపటికే గెలిచేసింది. నాలుగవ ఆదివారం ఏనుగుల అబ్బాయి రాలేదు. పరీక్షలన్నాడు. అయిదవ వారమూ రాలేదు.

"నేను నియమం తప్పానా నాన్నా? ఆ జాబితా అందరికీ కనిపించేదే. వాడూ ఒకటి తెచ్చుకోవచ్చుగా?" అని మా అమ్మాయి అడిగింది. నియమాల ప్రకారం ఆమె మాట నిజం. అందుకే నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

నకలు నిన్నటిది కాదు

ఈ ఆటలో ఒకరి కట్టను మరొకరు అనుసరించడం దాదాపు ఆటంత పాతది. 1996లో అట్లాంటాలో జరిగిన ఒక అర్హతపోటీలో పాల్ స్లై అనే ఆటగాడు ఒక విచిత్రమైన కట్టతో రాణించాడు. అందులో చాలా ముక్కలు ఇతరులు పనికిరానివని పక్కన పెట్టినవే. ప్రతి దశలోనూ చేతనున్న శక్తి వృథా కాకుండా ఖర్చయ్యేలా చవక ముక్కలను లెక్కప్రకారం పేర్చడమే దాని రహస్యం. దానిని రూపొందించినది జే ష్నైడర్. కాని కట్టకు స్థిరపడిన పేరు మాత్రం ఆడిన స్లైదే! ఆనాటి నుంచి ఎందరో ఆ సూత్రాన్ని అనుకరించారు. అనుకరించినవారు ఆటను పాడుచేశారని ఎవరూ అనలేరు. ఆ సూత్రం నేడు ఆటగాళ్లందరి ఉమ్మడి జ్ఞానం.

జాబితాలలో లెక్క ఉంటుంది. 60 ముక్కల కట్టలో ఒక ముక్కను నాలుగుసార్లు ఉంచే పద్ధతిలో, మొదటి ఏడు ముక్కలలో అది కనీసం ఒక్కటైనా వచ్చే అవకాశం సుమారు 40 శాతం. ఒక్కటే ఉంటే 12 శాతం లోపు. 100 ముక్కల కమాండర్ పద్ధతిలో ఏ ముక్కకైనా ఆ అవకాశం 7 శాతమే. కాని ఒకే పని చేయగల వేర్వేరు ముక్కలు పది ఉంచితే, వాటిలో ఒకటైనా మొదటి చేతిలోకి వచ్చే అవకాశం 53 శాతానికి పెరుగుతుంది. అనుభవజ్ఞుల జాబితాలు ఇలాంటి లెక్కలతో, వందలాది ఆటల పరీక్షతో తేలినవి. వాటిని తృణీకరించడం వివేకం కాదు.

నేను గీసిన నకలు

అయితే ఆ ప్రశ్న విన్న రాత్రి నాకు 1996 నాటి నా సొంత పొరపాటు గుర్తుకు వచ్చింది. అప్పుడు నేను ఒక తీరప్రాంత నిర్మాణస్థలంలో పనిచేస్తున్నాను. భూమిలోపల ఒక నీటితొట్టె కట్టాలి. వ్యవధి తక్కువ. మెట్టప్రాంతంలో విజయవంతంగా కట్టిన ఒక తొట్టె డ్రాయింగు నా చేతికి వచ్చింది. శీర్షిక మార్చి, కొలతలు సరిచూసి సంతకం చేశాను. తొట్టె అడుగు నేలమట్టానికి నాలుగు మీటర్ల లోతున ఉంది.

మెట్టప్రాంతంలో భూగర్భజలం ఎక్కడో లోతున ఉండేది. మా స్థలంలో వానకాలంలో ఒక మీటరు లోతుకే వచ్చింది. అంటే తొట్టె అడుగున మూడు మీటర్ల నీటి ఒత్తిడి. చదరపు మీటరుకు మూడు టన్నుల బలం పైకి తోస్తుంది. 300 మిల్లీమీటర్ల కాంక్రీటు పలక బరువు చదరపు మీటరుకు ముప్పాతిక టన్ను మాత్రమే. గోడల బరువు కలిపినా చాలలేదు. మరమ్మతు కోసం తొట్టెను ఖాళీ చేసిన రోజున అడుగు ఉబ్బి, నిలువునా పగిలింది. అదృష్టవశాత్తు లోపల ఎవరూ లేరు.

ఆ డ్రాయింగులో తప్పు లేదు. అది తన చోట సరియైనదే. నేను గీతలను తెచ్చుకొన్నాను, వాటి కారణాలను తెచ్చుకోలేదు. అప్పటి మా పై అధికారి నన్ను మందలించలేదు. డ్రాయింగును బల్లపై పరచి, ఒక్కొక్క గీతపై వేలుపెట్టి "ఇది ఎందుకు ఉంది?" అని అడుగుతూ పోయారు. సగం ప్రశ్నలకు నా వద్ద సమాధానం లేదు. ఆ మధ్యాహ్నం నేను నేర్చుకొన్నది కళాశాలలోని నాలుగేళ్లలో నేర్చుకోలేదు.

ఇది ఎందుకు ఉంది?

మరునాడు మా అమ్మాయి చేత ఆ 100 ముక్కలూ నేలమీద పరిపించి, అదే ప్రశ్న అడిగాను. చాలావాటికి చక్కగా జవాబు చెప్పింది. 23 ముక్కల దగ్గర మాత్రం "జాబితాలో ఉంది" అన్నది. ఇద్దరం కూర్చొని పరిశీలించాం. వాటిలో చాలా భాగం పోటీలలో తరచుగా ఎదురయ్యే కొన్ని కట్టలను అడ్డుకోవడానికి చేర్చినవి. మా హాలులో అటువంటి కట్ట ఒక్కటీ లేదు. మెట్టప్రాంతపు డ్రాయింగును తీరానికి తెచ్చినట్లే, పోటీల బల్లకు సరిపడిన కట్టను ఆదివారపు బల్లకు తెచ్చింది. నా తొట్టె పగిలింది. ఆమె బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ అయింది.

ఆ సాయంత్రం తానే పొరుగింటికి వెళ్లింది. ఆ అబ్బాయి పరీక్షల మాట పక్కనపెట్టి అసలు సంగతి చెప్పాడట: "ఓడిపోయానని కాదు. నా ఏనుగులు దిగేలోపే ఆట అయిపోతోంది. నేను అసలు ఆడనే లేదు."

తరువాత వాడు తన కట్టను కూడా నా వద్దకు తెచ్చాడు. లెక్కపెడితే భూములు 30 మాత్రమే ఉన్నాయి. మరిన్ని ఏనుగులకు చోటు కోసం భూములు తగ్గించాడట. నాలుగవ వంతు వచ్చేసరికి ఆటగాడు సుమారు 11 ముక్కలు చూస్తాడు. 30 భూములుంటే వాటిలో సగటున 3.3 భూములే వస్తాయి. ఏనుగు బరువైన జంతువు. దానిని దింపడానికి అవి చాలవు. భూములు 37 చేస్తే సగటు నాలుగు దాటుతుంది. జాబితాలు చూసే అలవాటున్న ఎవరికైనా ఇది తెలిసిన విషయమే. "నేను ఎవరిదీ చూడను బాబాయి గారూ" అన్న వాడి పట్టుదలలో కొంత అభిమానం, కొంత నష్టం రెండూ ఉన్నాయి. వాడు ఏడు ముక్కలు తీసి ఏడు భూములు చేర్చాడు. తీసినవాటిలో మూడు ఏనుగులు. వాటిని పారవేయలేదు, జేబులో పెట్టుకొన్నాడు.

మన పట్టణం చెప్పే పాఠం

ఈ పాఠం చెప్పడానికి పుదుచ్చేరిని మించిన ఊరు లేదనిపిస్తుంది. ఇక్కడి తిన్నని గడుల వీధులను చూసినవారు అది ఫ్రెంచివారి ప్రతిభ అనుకొంటారు. నిజానికి 1693లో ఈ పట్టణాన్ని పట్టుకొని 1699లో తిరిగి అప్పగించిన డచ్చివారు ఆ గడుల ప్రణాళికకు పునాది వేశారు. తిరిగి వచ్చిన ఫ్రెంచివారు శత్రువు గీసిన గీత అని దానిని చెరిపివేయలేదు. దాని మేలు తెలుసుకొని కొనసాగించారు. 1761లో బ్రిటిష్ సేనలు పట్టణాన్ని నేలమట్టం చేసినా, మళ్లీ కట్టినప్పుడు ఆ గడులే నిలిచాయి. ఆ గడులలో తమిళుల అరుగుల ఇళ్లూ, ఫ్రెంచివారి ఎత్తైన గోడల భవనాలూ వేటికవి లేచాయి. రంగపిళ్లై వీధిలో డూప్లే దుబాసీ ఆనంద రంగపిళ్లై భవనంలో రెండు పద్ధతులూ ఒకే కప్పు కింద కలిశాయి.

ఆ రంగపిళ్లైకే మన తెలుగుకవి కస్తూరి రంగకవి "ఆనందరంగరాట్ఛందము" అనే లక్షణగ్రంథాన్ని అంకితమిచ్చాడు. ఛందస్సు అందరికీ ఒకటే. గణాలు, యతులు ఎవరూ కొత్తగా కనిపెట్టనక్కరలేదు. అయినా గణాలు కుదిరినంత మాత్రాన పద్యం తనదైపోదు; చెప్పవలసిన మాట కవి వద్ద ఉండాలి.

ముగింపు

పిల్లలు ఇప్పుడు ఒక ఒప్పందానికి వచ్చారు. ప్రచురణసంస్థ విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కూడా 2025లో కమాండర్ కట్టలను బలాన్ని బట్టి అయిదు శ్రేణులుగా చెప్పుకొనే పద్ధతిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టింది. ఆట మొదలుకాకముందే ఎవరు ఎలాంటి కట్టతో వచ్చారో మాట్లాడుకోవడమే దాని ఉద్దేశం. మా అమ్మాయి పోటీల కట్ట పెట్టెలో ఉంది; పోటీకి వెళ్లే రోజున బయటికి వస్తుంది. ఆదివారం కట్టలో జాబితా నుంచి తెచ్చిన ఎముకల గూడు ఉంది, మిగిలినది ఆమె సొంతం. కారణం చెప్పలేని ముక్క ఒక్కటీ లేదు. వారు మళ్లీ కూర్చొన్న మొదటి ఆదివారం ఆమెయే గెలిచింది. కాని అంతకుముందు నాలుగు ఏనుగులు బరిలోకి దిగి ఆమెను ముప్పుతిప్పలు పెట్టాయి. వాడు వెళ్తూ "వచ్చే వారం చూసుకుందాం" అన్నాడు. నాకు కావలసిన మాట అదే.

మన సంస్థలో కొత్తగా చేరిన యువ ఇంజనీర్లకు నా మనవి ఇది. పాత డ్రాయింగులు మన ఉమ్మడి ఆస్తి. సంకోచం లేకుండా తీసికొనండి. అన్నీ మొదటి నుంచి గీయాలనుకోవడం కాలహరణం. అయితే సంతకం చేసే ముందు ప్రతి గీత మీద వేలుపెట్టి "ఇది ఎందుకు ఉంది?" అని ఒక్కసారి అడగండి. జవాబు దొరికిన గీత ఎవరు గీసినా మీదే. జవాబు దొరకని గీత మీ చేతితో గీసినదైనా అరువు సొమ్మే.