కరువు పని పోయాక మిగిలే కుంట

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక బెంగళూరు, హైదరాబాద్, ముంబయిలకు వలసపోయినవాళ్లు మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు తిరిగొచ్చారు. ఆ వేసవి పల్లెను నిలబెట్టిన వాటిలో ఉపాధి హామీ ఒకటి. రాయలసీమలో చాలామంది నోట అది ‘కరువు పని’. 2006 ఫిబ్రవరి 2న అది మొదలైందీ అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే.

బడ్జెట్లో పెట్టిన 61,500 కోట్ల రూపాయలకు తోడు 2020 మేలో కేంద్రం మరో 40,000 కోట్లు ప్రకటించింది. అంతకుముందు ఏడాది దేశమంతటా సుమారు 265 కోట్ల పనిదినాలు జరిగితే, 2020-21లో అవి 389 కోట్ల దాకా పెరిగాయి. ఆ కూలితో ఇళ్లు గడిచాయి. కూలి డబ్బు ఖర్చయిపోయాక ఊరికి ఏం మిగిలిందన్నదే అసలు లెక్క.

సుస్థిర అభివృద్ధి అనే బరువైన మాటకు పల్లెలో అర్థం ఇంతే: ఈ పూట గడవాలి, దానికోసం రేపటి నేలా నీరూ తరిగిపోకూడదు. ఉపాధి చట్టం కింద పెట్టిన నిబంధనలూ ఇదే చెప్పాయి. జిల్లాలో ఖర్చయ్యే ప్రతి 100 రూపాయల్లో కనీసం 60 నేల, నీరు, చెట్ల ద్వారా సాగుకు పనికొచ్చే పనులకే పోవాలన్నాయి.

అలాంటి పనుల్లో ఒకటైన నీటి కుంట దగ్గరికి వెళ్లి చూద్దాం. ఎకరం నేల మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే, ఆ నీళ్లు లక్ష లీటర్లు. కొంత నేల తాగుతుంది. మిగతాది పైమట్టిని కడుక్కుంటూ పోయి వంకలో కలుస్తుంది. పొలం పల్లపు మూలన పైన 10 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 2 మీటర్ల లోతు, ఏటవాలు అంచులతో కుంట తవ్వితే, నిండినప్పుడు దాదాపు 1 లక్షా 30 వేల లీటర్లు పడతాయి. వేరుశనగ ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే, కుంట నిండుగా ఉన్న రైతు ఎకరానికి ఒక తడి ఇవ్వగలడు. అనంతపురం లాంటి చోట పంట చేతికి రావడానికీ, ఎండిపోవడానికీ మధ్య తేడా ఒక్కోసారి ఆ ఒక్క తడే. ఇంకిపోయిన నీళ్లూ వృథా కావు, చుట్టుపక్కల బోర్లకు ఊటవుతాయి.

అయితే గుంత తవ్వినంత మాత్రాన కుంట కాదు. పని మిట్ట నుంచి పల్లానికి సాగాలి. ముందు గుట్ట మీద వాలుకు అడ్డంగా కందకాలు, తర్వాత వంకలో రాతి కట్టలు, ఆఖరున కింద కుంట. ఈ వరస తప్పితే పైనుంచి కొట్టుకొచ్చిన మట్టితో కుంట పూడిపోతుంది. నాటిన మామిడి మొక్క సంగతీ అంతే, గుంత తీయడంతో పని అయిపోదు. మొదటి రెండు మూడేళ్లు నీళ్లు పోసి కాపాడేవాళ్లు లేకపోతే, గుంత తీసిన కూలి లెక్కల్లో ఉంటుంది, చెట్టు మాత్రం ఉండదు.

కూలి సంగతీ మరువకూడదు. దాని చెల్లింపుకు ఆ చట్టం చెప్పిన గడువు 15 రోజులు. వారాల తరబడి డబ్బు పడకపోతే కూలీ మళ్లీ బెంగళూరు బస్సే ఎక్కుతాడు, కందకం సగంలో ఆగిపోతుంది.

మహమ్మారి ఏడాది పెట్టిన ఖర్చు ఊరికి పెట్టుబడి అయిందా, ఆ పూటకు ఆసరాగానే ఆగిపోయిందా అన్నది ఊరూరికీ వేరు. తేల్చుకోవడానికి పెద్ద నివేదికలేమీ అక్కర్లేదు. గట్టివాన కురిసిన మర్నాడు మీ ఊరి కుంట దాకా నడిచి వెళ్లండి. నీళ్లు దాంట్లోకి దిగుతున్నాయా, పక్కనుంచి పారిపోతున్నాయా చూడండి. చూసింది గ్రామసభలో చెప్పండి. పథకం పేరు ఏదైనా, వచ్చే వేసవి పనుల జాబితా అక్కడి నుంచే మొదలవ్వాలి.