గర్భనిరోధక ఇంజెక్షన్ తర్వాత ఆగని ఎర్ర మరకలు: ఎందుకిలా?

బస్తర్ దక్షిణపు కొసన ఉన్న కుంట, భోపాలపట్నం వైపు తెలుగు బాగానే వినిపిస్తుంది. జబ్బు చేస్తే భద్రాచలం ఆసుపత్రికి వచ్చేవారూ ఉన్నారు. అక్కడైనా ఇక్కడైనా గర్భనిరోధక ఇంజెక్షన్ వేయించుకున్న స్త్రీలను కలవరపెట్టేది ఒకటే: వేళాపాళా లేని రక్తస్రావం.

ప్రభుత్వం 2017లో ‘అంతర’ పేరుతో ఈ ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మూడు నెలలకోసారి 150 మిల్లీగ్రాముల డీఎంపీఏ వేస్తారు. ఇది ప్రొజెస్టెరాన్‌ను పోలిన హార్మోను. బిడ్డకూ బిడ్డకూ ఎడం కోరుకునేవారికి బాగా పనిచేస్తుంది. కానీ మొదటి నెలల్లో కనిపించే మరకలకు భయపడి మధ్యలోనే మానేసేవారు చాలామంది.

మామూలు నెలసరిలో ప్రొజెస్టెరాన్ పడిపోగానే గర్భాశయపు లోపొర ఊడిపోతుంది. ఈస్ట్రోజెన్ దాన్ని మళ్లీ పెంచుతుంది. ఇంజెక్షన్ ఈ వరుసను ఆపేస్తుంది, పొర పలచబడుతుంది. అలాగైతే రక్తం తగ్గాలి కదా? చిక్కంతా అక్కడే ఉంది. ప్రొజెస్టిన్‌ను దీర్ఘకాలం వాడినవారి లోపొరను అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ లాక్‌వుడ్ బృందం పరిశీలించింది. పైపైన ఉండే రక్తనాళాలు ఉబ్బి, గోడలు పలచబడి, పెళుసుగా కనిపించాయి. గర్భాశయానికి రక్తప్రవాహం తగ్గడంతో ప్రాణవాయువు చాలక, కొత్త నాళాలు అడ్డదిడ్డంగా మొలుస్తాయన్నది వారి వివరణ. పొర మొత్తం ఊడదు, ఎక్కడ నాళం చిట్లితే అక్కడే కారుతుంది. అందుకే చాలామందిలో ధారగా కాక చుక్కలుగా, రోజుల తరబడి కనిపిస్తుంది.

ఏడాది గడిచేసరికి దాదాపు సగం మందిలో నెలసరే ఆగిపోతుంది. ‘చెడు రక్తం’ లోపల పేరుకుపోతుందన్న భయానికి ఆధారం లేదు, ఊడేంత పొరే అక్కడ ఉండదు.

మెఫెనమిక్ ఆమ్లం వంటి మాత్రలు కొద్దిరోజులు వాడితే అప్పటి రక్తస్రావం తగ్గవచ్చు, మళ్లీ రాదన్న హామీ మాత్రం లేదు. ముందే విడమరచి చెప్పినప్పుడు ఇంజెక్షన్‌ను కొనసాగించేవారు పెరిగినట్టు చైనా, మెక్సికో అధ్యయనాలు చూపాయి. చెప్పకపోతే ఏమవుతుందో తెలుగు నేలకు తెలుసు. 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో ‘నెట్-ఎన్’ ఇంజెక్షన్ పరీక్షల గురించి స్త్రీలకు సరిగా చెప్పలేదని స్త్రీ శక్తి సంఘటన ఆందోళన చేసింది. మరుసటి ఏడాది వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి రక్తస్రావం మామూలు నెలసరికి రెండింతలైనా, ఎనిమిది రోజులు దాటినా ఆసుపత్రిలో చూపించుకోవాలి. ఇంజెక్షన్‌కు ముందే కారణం తెలియని రక్తస్రావం ఉంటే, మొదట దాని సంగతి తేల్చుకోవాలి.