ఇంటి కంప్యూటరుకు ఊరికే వచ్చే కాపలా



ఒకప్పుడు మన గోదావరిఖని క్వార్టర్లలో ఎవరింట్లోనైనా కొత్త వస్తువు కొంటే నలుగురూ వెళ్ళి చూసివచ్చేవాళ్ళం. ఇప్పుడు కంప్యూటరున్న ఇల్లంటే వింతేమీ లేదు. పిల్లల దరఖాస్తులు, కరెంటు బిల్లులు, బ్యాంకు లెక్కలు, సింగరేణిలో రిటైరైన మామగారి పింఛను కాగితాలు, పెళ్ళి ఫొటోలు, అన్నీ ఆ పెట్టెలోనే ఉంటున్నాయి. బీరువాకు తాళం వేయందే నిద్రపోని మనం ఈ పెట్టె సంగతి మాత్రం పిల్లలకు వదిలేస్తాం. అంచేత ఈవేళ దాని కాపలా గురించి మాట్లాడుకుందాం.

ముందు మా ఇంటి ముచ్చట ఒకటి చెబుతాను. కంప్యూటరుకు వైరస్ పట్టిందేమోనని మా అబ్బాయి ఒక ఉచిత యాంటీవైరస్ వేశాడు. ఒకరికి ఇద్దరు కాపలా ఉంటే మంచిదే కదా అని నేను ఇంకొకటి వేశాను. అంతే, ఒకదాని మీద ఒకటి అనుమానపడుతూ రెండూ కలిసి కంప్యూటరును కదలనివ్వలేదు. అది చాలదన్నట్టు ఒకరోజు తెరంతా ఎర్రగా అయి సైరను మోగింది. 'మీ కంప్యూటరులో వైరస్‌లున్నాయి, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి' అని రాసి ఉంది. నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా! అప్పుడే మొదటి షిఫ్టు దిగి వచ్చిన మావారు చూసి ఇంటర్నెట్టు వైరు పీకేశారు. "ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు సైరను మోగితే అందరం దూరం పోతాం. నువ్వు దగ్గరికి పోతున్నావేం?" అన్నారు.

నిజమే. అది వైరస్‌ను పట్టిన కాపలా కాదు, కాపలా వేషం వేసుకొచ్చిన దొంగ. ఆ నంబరుకు ఫోను చేస్తే వాళ్ళు మన కంప్యూటరును తమ చేతిలోకి తీసుకుంటారు, ఆ తరువాత మన బ్యాంకు ఖాతా మీద పడతారు.

అసలు వైరస్ అంటే ఏమిటి? తనంతట తాను నకళ్ళు తీసుకుంటూ పాకే ప్రోగ్రాము. 1986లో లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' ఫ్లాపీల ద్వారా దేశాలు తిరిగింది. ఇవాళ జెరాక్స్ సెంటరులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవు ద్వారా రావచ్చు, తెలియనివారి ఈమెయిలుతో రావచ్చు. యాంటీవైరస్ చేసే పని మన గనుల్లో మైనింగ్ సర్దారు చేసే పనిలాంటిదే. కార్మికులు పనిస్థలానికి వెళ్ళేముందు ఆయన గ్యాసు ఉందేమో చూసి వస్తాడు. అయితే నిన్న చేసిన తనిఖీ ఇవాళ్టికి పనికిరాదు కదా! యాంటీవైరస్ కూడా అంతే. కొత్త దొంగల గుర్తులు రోజూ తెప్పించుకుంటేనే దానికి విలువ.

ఇహ ఏది ఎంచుకోవాలి? విండోస్ 10 గానీ, 11 గానీ ఉన్నవారు డబ్బు పెట్టనక్కర్లేదు, వెతకనూ అక్కర్లేదు. 'మైక్రోసాఫ్ట్ డిఫెండర్' అనేది అందులోనే ఉంటుంది. స్టార్టు బటన్ నొక్కి 'విండోస్ సెక్యూరిటీ' అని వెతకండి. అక్కడ ఆకుపచ్చ టిక్కు కనిపిస్తే కాపలా మెలకువగా ఉన్నట్టే. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ అనే పరీక్షశాలలు యాంటీవైరస్‌లకు పరీక్షలు పెట్టి ఫలితాలు ప్రకటిస్తాయి. వాటిలో డిఫెండరు మంచి మార్కులే తెచ్చుకుంటోంది.

కొత్త లాప్‌టాప్‌తో పాటు కొన్ని నెలల గడువుతో వేరే యాంటీవైరస్ వస్తుంటుంది. అది ఉన్నంతకాలం డిఫెండరు పక్కకు తప్పుకుంటుంది. గడువు తీరాక డబ్బు కట్టే ఉద్దేశం లేకపోతే దాన్ని పూర్తిగా తీసేయండి. లేకుంటే జీతం లేని కాపలావాడు గుమ్మంలో నిద్రపోతున్నట్టే.

అవాస్ట్, ఏవీజీ, అవీరా లాంటి ఉచిత యాంటీవైరస్‌లు కూడా ఉన్నాయి. వేసుకోదలిస్తే ఆ కంపెనీ సొంత వెబ్‌సైటు నుంచే, ఒక్కటే వేసుకోండి. కానీ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఊరికే ఇచ్చేవాడికి ఇల్లు ఎలా గడుస్తుంది? చాలావరకు 'డబ్బు కట్టి పెద్దది కొనండి' అనే ప్రకటనలతో. ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తీసుకుంటారు. తన యాంటీవైరస్ వాడేవారు ఇంటర్నెట్టులో ఏమేం చూస్తున్నారో ఆ వివరాలను అవాస్ట్ తన అనుబంధ సంస్థ ద్వారా అమ్ముతోందని 2020లో బయటపడింది. ఆ సంస్థను అప్పుడే మూసేశారు. 2024లో అమెరికా ప్రభుత్వ సంస్థ అవాస్ట్ చేత కోటీ అరవై అయిదు లక్షల డాలర్లు కట్టించింది. కాపలా పెట్టుకున్నవాడే మనింటి సంగతులు అమ్మితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

చివరిగా, కాపలా ఉంది కదా అని తలుపు తీసి పడుకోకూడదు. 2017 మే నెలలో 'వన్నాక్రై' వైరస్ ప్రపంచమంతా ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. దానికి విరుగుడైన అప్‌డేటు అంతకు రెండు నెలల ముందే వచ్చింది! అందుకని అప్‌డేటు అడిగితే 'రేపు' అనకండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, కాబట్టి అదున్నవారు వీలైతే 11కి మారండి. ఫొటోలు, కాగితాలు నెలకోసారి విడి హార్డ్‌డిస్కులో దాచి, డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది.

వైరస్ పట్టిందని అనుమానమొస్తే భారత ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో వాటిని తొలగించే ఉపకరణాలు ఉచితంగా దొరుకుతాయి. డబ్బే పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఈ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఒక్క అయిదు నిమిషాలు ఆ పెట్టె ముందు కూర్చుని ఆకుపచ్చ టిక్కు ఉందో లేదో చూడండి. పిల్లలొచ్చేదాకా ఆగకండి, ఈ పని మన చేతిలోనిదే. మరి సెలవు.