కంటి పొర తీశాక చూపు ఎంత వస్తుంది?

అచ్చంపేటలో అయినా, మరెక్కడైనా, యాభై దాటాక చూపు తగ్గితే మనం అనుకునేది ఒక్కటే: “శుక్లమేలే, ముదిరాక తీయించుకుందాం.” కానీ కంటి వెనక రెటీనా మీద సన్నని పొర ఏర్పడితే ఈ లెక్క పనికిరాదు.

గుర్తు పట్టేదెలా?

శుక్లం వస్తే చూపు మసకబారుతుంది. పొర వస్తే రెటీనా మధ్యభాగం ముడతపడి తిన్నని గీతలు వంకరగా కనిపిస్తాయి. ఒక కన్ను మూసుకుని కిటికీ ఊచలో, గద్వాల చీర అంచో చూడండి. తర్వాత రెండో కన్ను మూసి చూడండి. రెండూ తెరిచి చూస్తే మంచి కన్ను లోపాన్ని కప్పేస్తుంది. 2018, 2023 సంవత్సరాల్లో కంటివెలుగు శిబిరాల్లో అద్దాలు తీసుకున్నవారూ ఇలా చూసుకోవాలి. అద్దాలు పెట్టుకున్నా వంకర పోకపోతే రెటీనా డాక్టరుకు చూపించుకోండి. ఇలా కనిపించడానికి వేరే జబ్బులూ కారణం కావచ్చు.

వయసుతో వచ్చే మార్పే చాలామందిలో ఈ పొరకు కారణం. షుగరు, కంటిలోపలి వాపు, రెటీనా చిరగడం వల్ల కూడా వస్తుంది. చుక్కల మందుతో పోదు. చూపు బాగానే ఉంటే ఆపరేషన్ అక్కర్లేదు, అప్పుడప్పుడు పరీక్ష చాలు. పనులకు అడ్డమైతే కంటిలోని జిగురు తీసి, సన్నని పరికరంతో పొరను ఒలిచేస్తారు.

ఎవరికి బాగా వస్తుంది?

మొదటిది, ఆపరేషన్ నాటికి ఉన్న చూపు. బాగా తగ్గాక వెళ్లినవారికి పెరుగుదల ఎక్కువగా కనిపించినా, చివరికి నిలిచే చూపు తక్కువే. రెండోది, వంకర మొదలై ఎన్నాళ్లయిందన్నది. మూడోది, ఓ.సి.టి. స్కాన్‌లో వెలుగును పట్టే కణాల వరుస చెదరకుండా ఉందా లేదా అన్నది. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నా, గ్లకోమా ఉన్నా ఫలితం తగ్గుతుంది. “నాకు ఎంతవరకు రావచ్చు?” అని స్కాన్ చూపించి ముందే అడగండి.

తర్వాత?

మర్నాడే సూదిలో దారం ఎక్కించలేరు! చూపు మూడు నుంచి ఆరు నెలల్లో మెల్లగా తేరుకుంటుంది, కొందరికి ఏడాది పడుతుంది. కాస్త వంకర మిగలవచ్చు. శుక్లం త్వరగా రావచ్చు, దానికి మళ్లీ ఆపరేషన్ ఉంది. నొప్పి పెరిగినా, తెర పడ్డట్టున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

హైదరాబాదులో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ ఉన్నాయి. రాత్రికి రాత్రి పరుగెత్తనక్కర్లేదు గానీ, పల్లికాయ ఇంటికొచ్చాక, పిల్ల పెళ్లయ్యాక అంటూ ఏళ్లు దాటించకండి. ఈరోజే కిటికీ దగ్గర నిలబడి ఒక్కో కన్నూ మూసి చూసుకోండి.